పాత డబుల్ కాట్‌తో పార్కింగ్‌లో వర్క్‌బెంచి: ఊగుడు వదిలించేసరికి తాతలు దిగొచ్చారు

వైస్‌లో, అంటే ముక్కని కదలకుండా పట్టే ఇనప దవడల్లో, ఇనప పట్టీ బిగించి హ్యాక్సా పెట్టి లాగాను. బల్ల కదల్లేదు. ఆ ఊపులోనే రాస్తున్నా.

గట్టి కర్ర మంచమైతేనే ఈ పనికి దిగండి. పార్టికల్ బోర్డు మంచాలు, టీవీ యూనిట్లు దండగ. స్క్రూ ఒకసారి ఊడదీస్తే రెండోసారి పట్టదు, పార్కింగ్ కడిగిన నీళ్లకి అడుగు ఉబ్బిపోతుంది. టేకైనా చేవ ఉన్నంతవరకే నమ్మకం. అంచున తెల్లగా ఉండే భాగాన్ని చెదలు వదలవు. స్క్రూడ్రైవర్ మొనతో పొడవండి, మెత్తగా దిగితే ఆ మేర కోసేయడమే.

విడదీయడం తేలికే. తుప్పు పట్టిన బోల్టులకి రాత్రి డీజిల్ పూస్తే పొద్దునకి తిరిగాయి. కోత మిల్లు వాడు మాత్రం పాత కర్ర అనగానే గేటు దగ్గరే తిప్పి పంపాడు. మేకు తగిలితే బ్లేడు పళ్లు పోతాయి, నిజమే. అయస్కాంతంతో వెతికి మేకులన్నీ తీశానని చెప్పినా కర్ర వంక చూడనైనా చూడలేదు. కాబట్టి చేతిరంపంతోనే అయ్యేలా కొలతలు వేశాను.

తలవైపు చట్రం 5 అడుగుల వెడల్పు, కాళ్లు 3 అంగుళాల చదరం. పై డిజైను కోసేసి 32 అంగుళాలకి దించితే వెనక చట్రం రెడీ. పక్క పట్టీలు 75 అంగుళాల పొడవు, 6 అంగుళాల వెడల్పు, ఒకటిన్నర మందం. ఒకదాంట్లో రెండు ముందు కాళ్లు వచ్చాయి, రెండోదాంట్లో 60 అంగుళాల అడ్డపట్టీ. బల్ల పైపలకకి మంచం మీది 12 ఎంఎం ప్లై ముక్కలు రెండూ 5 అడుగుల బై 2 అడుగులు కోసి, పైన కొత్త 18 ఎంఎం ప్లై వేసి, ఫెవికాల్‌తో అతికించి, సిమెంటు బస్తాలు ఎక్కించి ఒక రోజు వదిలేశాను. పాత పాలిష్ ఎమరీ పేపర్‌తో పూర్తిగా పోవాలి, లేకపోతే జిగురు పట్టదు. టేకులో 8 నంబరు స్క్రూకి ముందు 3 ఎంఎం కన్నం వేయాలి, లేదంటే తల తెగి లోపలే ఉండిపోతుంది.

ఇక ఊగుడు. తెలిసిన వడ్రంగిని పిలిస్తే స్క్రూలు చాలలేదని ఇంకో డజను దింపాడు. అయినా ఊగింది. "మంచాన్ని బల్ల చేస్తే గిట్లనే ఉంటది సార్" అని నలుగురిలో నవ్వి, కూలి తీసుకుని పోయాడు.

అసలు ఊగుడు రెండు రకాలు. మూల మీద నొక్కితే కాలు టక్కుమంటే అది నేల తేడా. పలక అంచు పట్టి తోస్తే కాళ్లు కదలకుండా పైభాగం మాత్రమే జరిగితే అది కీళ్ల తేడా. నా బల్లకి రెండూ ఉన్నాయి. అందుకే ఒకటి సరిచేస్తే రెండోది బయటపడేది.

పార్కింగ్ నేల నీళ్లు పోవడానికి గేటు వైపు వాలుగా ఉంటుంది. కాళ్ల కింద చెక్కముక్కలు దోపి, తాపీమేస్త్రీలు వాడే నీళ్ల పైపుతో పలకని సమం చేయండి. అన్నిటికంటే పెద్ద సందు ఎంతుందో అంత ఎత్తు చెక్క తీసుకుని, దాన్ని నేల మీద జరుపుతూ నాలుగు కాళ్లకీ చుట్టూ పెన్సిల్ గీత గీయండి. ఆ గీత మీద కోస్తే వాలుకి అచ్చంగా కూర్చుంటుంది. తర్వాత బల్లని అక్కణ్ణుంచి జరపకూడదు. కోసిన మొనలకి ఎనామిల్ పెయింటు రెండు పూతలు వేయాలి, తడి పీల్చేది అక్కడే.

కీళ్లకి స్క్రూలు ఎన్ని కొట్టినా లాభం లేదు. నాలుగు పట్టీల చట్రం స్క్రూ చుట్టూ తిరిగి ఒరిగిపోతుంది. పలక కోయగా అడుగు వెడల్పు ప్లై మిగులుతుంది. దాన్ని 24 అంగుళాల ముక్కలు కోసి రెండు పక్కలా, ముందు కాలి నుంచి వెనక కాలి దాకా, జిగురుతో బిగించండి. ప్లై రేకు ఒరగదు, చట్రాన్నీ ఒరగనివ్వదు. వడ్రంగి డజను స్క్రూలు చేయలేనిది ఈ తుక్కు ముక్కలు చేశాయి! వెనక చట్రాన్ని గోడకి బిగిస్తే ఇంకా మంచిది, కన్నం మాత్రం ఇటుకలో పడాలి, ఇటుకల మధ్య సందులో కాదు.

వైస్ ముందు కాలి మీదుగానే పెట్టాలి, మధ్యలో పెడితే సుత్తి దెబ్బకి పలక ఎగురుతుంది. కదలని దవడ బల్ల అంచు దాటి కొంచెం బయటికి ఉంటేనే పొడుగు పైపు నిలువుగా పడుతుంది. స్క్రూలు వద్దు. పలకలోంచి అవతలికి దిగే బోల్టులు వేసి, కింద వెడల్పు వాషర్లు పెట్టండి.

కాళ్లవైపు చట్రం మిగిలింది. దానికి మేకులు కొట్టి గోడకి తగిలిస్తే రంపాలు, పట్టకార్లకి సరిపోతుంది.