మస్కట్‌లో మా శుక్రవారాలు

సెలవు మీద ఊరికి వచ్చిన ప్రతిసారీ జీతం ఎంత, ఓవర్‌టైము ఉంటుందా, రియాలు ఇప్పుడు ఎంత పలుకుతోంది అని అడిగేవారే గాని, సెలవు రోజున ఏం చేస్తుంటావని అడిగినవారు నాకు తగల్లేదు. నిజానికి చెప్పుకోదగ్గది ఆ రోజు గురించే. నేను ఒమాన్ రాజధాని మస్కట్‌లో ఒక మెయింటెనెన్సు కంపెనీలో ఏసీ మెకానిక్‌ను. మిగతా రోజులలో తెల్లవారకముందే కంపెనీ బస్సు ఎక్కడం, మేడల మీద అవుట్‌డోర్ యూనిట్ల మధ్య తిరగడం, చీకటి పడ్డాక క్యాంపుకు చేరి మెస్సులో తిని పడుకోవడం తప్ప వేరే ముచ్చట ఉండదు. మన సమయం వాళ్లకంటే గంటన్నర ముందు గనక, నేను స్నానం చేసి ఫోను పట్టుకునే సరికి సఖినేటిపల్లి అవతల మా ఊళ్లో అమ్మ నిద్రకు పడి ఉంటుంది. ప్రయాణమైనా, సరదా అయినా, గుడి అయినా, పండుగ అయినా అన్నీ శుక్రవారం ఒక్కరోజులోనే సర్దుకోవాలి.

ఒమాన్ ప్రభుత్వం 2013లో వారాంతపు సెలవును గురు, శుక్రవారాల నుంచి శుక్ర, శనివారాలకు మార్చింది. 2023లో వచ్చిన కొత్త కార్మిక చట్టం కూడా వారానికి వరుసగా రెండు రోజుల విశ్రాంతి ఇవ్వాలనే అంటుంది. అయితే మా వంటి పనిలో శనివారం చాలావరకు ఓవర్‌టైముగా మారిపోతుంది. మేము కూడా ఆ డబ్బు వద్దనుకోము. జూన్ నుంచి ఆగస్టు వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర వరకు ఎండలో పని చేయించకూడదన్న నిషేధం ఉంది. కాని ఏసీలు ఆగిపోయేది కూడా ఆ నెలల్లోనే కాబట్టి, ఎండ తగ్గాక మొదలుపెట్టిన పని రాత్రి దాకా సాగుతుంది, ఒక్కొక్క వారం శుక్రవారాన్ని కూడా మింగేస్తుంది. మా ఇంట్లో శుక్రవారమంటే గడపకు పసుపు రాసి బొట్లు పెట్టే రోజు. క్యాంపులో మాత్రం అది వారం బట్టలన్నీ ఉతికి మేడ మీద ఆరేసే రోజు. అందుకు తీగల మీద చోటు కోసం తెల్లవారుజామునే లేవాలి.

ఉతుకుళ్లు అయ్యాక ఎవరి దారి వారిది. నా పక్క మంచం మనిషిది నర్సాపురం. మధ్యలో వశిష్ఠ గోదావరి లేకపోతే మా ఇద్దరిదీ ఒకే ఊరు అనుకోవచ్చు. ఆయన నాకంటే పెద్దవాడు కాబట్టి అన్నయ్యా అంటాను, ఆయన నన్ను తమ్ముడూ అని పిలుస్తాడు. శుక్రవారం ఉదయం తెల్లచొక్కా వేసుకుని, బైబిలు ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని, రువీలోని చర్చిల ప్రాంగణానికి వెళతాడు. సుల్తాన్ ఖాబూస్ కాలంలో ఇచ్చిన స్థలంలో కట్టిన ఆ ప్రాంగణంలో కాథలిక్కులు, ప్రొటెస్టెంట్లు, ఏ భాషకు ఆ భాషలో గంటలు పంచుకుని ఆరాధన చేసుకుంటారు. ఆదివారం పనిదినం గనక వారి ప్రధాన ఆరాధన కూడా శుక్రవారానికే మారింది. అన్నయ్య వాళ్ల తాత ముత్తాతలు బ్రదరన్ సంఘం వారు. 1830లలో బౌడెన్, బీర్ అనే ఇంగ్లండు మిషనరీలు వచ్చి నర్సాపురం, పాలకొల్లు ప్రాంతాలలో మొదలుపెట్టిన గోదావరి డెల్టా మిషన్ పాటలు ఆయనకు పుస్తకం అక్కరలేకుండానే వస్తాయి. వంట గదిలో ఉల్లిపాయలు తరుగుతూ ఆయన పాడుతుంటే నాకు కూడా కొన్ని చరణాలు నోటికి వచ్చేశాయి.

నేను పాత మస్కట్‌లో అల్ ఆలమ్ రాజభవనానికి దగ్గరలో ఉన్న శివాలయానికి వెళతాను. నూరేళ్లు దాటిన ఆ గుడికి మూలం కచ్ నుంచి వచ్చి స్థిరపడిన భాటియా వర్తకులు. 2018 ఫిబ్రవరిలో ప్రధాని మోదీ దర్శనం చేసుకున్నప్పుడు మన టీవీలలో చూపించారు కాబట్టి మా ఊరివారికి కూడా దాని సంగతి కొంత తెలుసు. మామూలు శుక్రవారాలలో ప్రశాంతంగా ఉంటుంది గాని శివరాత్రి నాడు వరుస గుడి బయట చాలా దూరం సాగుతుంది. మలయాళీలు, గుజరాతీలు, తమిళులు, మనవాళ్లు అందరూ డ్యూటీ బట్టలతోనే వరుసలో నిలబడి ఉంటారు. మన పక్క అభిషేకానికి గోదావరి నీళ్లు తప్ప వేరే ఆలోచన ఉండదు. అక్కడ కుళాయిలో వచ్చేది చాలావరకు సముద్రపు నీటిని శుద్ధి చేసి గొట్టాలలో పంపినదే. దేవుడికి ఆ తేడా ఉంటుందని నేను అనుకోను.

గుడి నుంచి వస్తూ మత్రా చేపల మార్కెట్టులో ఆగడం అలవాటు. వంజరం, తూర, కవళ్లు అన్నీ దొరుకుతాయి. అమ్మేవాడు ముక్కలు కోసి ఇవ్వడు, కోసేవారు వేరే వరుసలో ఉంటారు, వారికి కూలి విడిగా ఇవ్వాలి. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవలు కదలవు. అక్కడ వంజరానికి మాత్రం ఆగస్టు 15 నుంచి అక్టోబరు 15 వరకు వేట నిషేధం. అందుచేత ఆ నెలల్లో సెలవు తీసుకుంటే ఏదో ఒక వైపు చేప కరువు తప్పదు. పులస గురించి గోదావరి వాళ్లందరూ ఎలాగూ రాస్తారు కాబట్టి నేను వదిలేస్తున్నాను.

ఇక నా సరదా. క్యాంపులో కుర్రాళ్లు శుక్రవారం సాయంత్రం ఖాళీ స్థలాలలో క్రికెట్ ఆడతారు, కొందరు పేకాట, చాలామందికి ఫోను. నాకు మొక్కల పిచ్చి ఉంది. మస్కట్‌లో మట్టి కూడా కొనుక్కోవాలి. కాలువ గట్టు మీద పుట్టినవాడికి మట్టి మూటకు డబ్బు ఇవ్వడం మొదట్లో చేతులు రాని పని. మొక్కలకు కుళాయి నీరు వాడితే క్యాంపు బాసు ఊరుకోడు. అయితే నీటికి దారి నా వృత్తిలోనే ఉంది. వేసవిలో సముద్రపు గాలి తేమతో బరువెక్కి ఉంటుంది. ఆ గాలి గదిలోని ఏసీ కాయిల్ మీద తగిలి చల్లబడినప్పుడు అందులోని ఆవిరి నీరుగా మారి, కింద ట్రేలో చేరి, డ్రైన్ పైపు గుండా బయటకు కారుతుంది. అందరూ ఆ నీటిని గోడ మీదకు వదిలేస్తారు, గోడ పాచి పడుతుంది, ఆ తర్వాత ఫిర్యాదు నాకే వస్తుంది. మా వరస గదుల పైపులన్నిటినీ ఒక గొట్టానికి కలిపి ఒక పెద్ద డ్రమ్ములోకి దింపాను. ఉక్కగా ఉన్న రాత్రి ఒక్క స్ప్లిట్ ఏసీ నుంచే బకెట్టుకు తక్కువ కాకుండా వస్తుంది. ఎడారి వైపు నుంచి పొడిగాలి తిరిగిన రోజున మాత్రం డ్రమ్ము అడుగు కూడా తడవదు. ఆ నీటిలో ఉప్పు ఉండదు, మొక్కకు హాయి. కాయిల్ మీది దుమ్మూ, రాగి తుప్పూ కలిసే అవకాశం ఉంది గనక తాగడానికి పనికిరాదు. అందుకే కాయిళ్లు కడిగిన వారం నీటిని పారబోస్తాను.

ఆ నీటితో, ఖాళీ పెయింటు డబ్బాలలో, గోంగూర, బచ్చలి, ఒక కరివేపాకు మొక్క పెరుగుతున్నాయి. గోంగూరకు ఆ ఎండ ఒక లెక్క కాదు, నీరు తగిలితే చాలు. బచ్చలి తీగను మాత్రం అవుట్‌డోర్ యూనిట్ వేడిగాలి తగలని మూలకు జరపవలసి వచ్చింది. మెస్సు వంటవాడు కేరళ మనిషి, గోంగూర అంటే మొదట్లో ముఖం చిట్లించేవాడు, ఇప్పుడు మేము కోయకముందే కోసేస్తున్నాడు.

ప్రయాణాల విషయానికి వస్తే, మస్కట్ దాటి వెళ్లడం అరుదే గాని ఒక శుక్రవారం నిజ్వాకు వెళ్లి రావడం నా మనసులో బాగా నిలిచిపోయింది. మస్కట్‌కు సుమారు 160 కిలోమీటర్లు. శుక్రవారం ఉదయం కోట పక్కన మేకల సంత జరుగుతుంది: అమ్మేవారు మేకల తాళ్లు పట్టుకుని గుండ్రంగా తిరుగుతుంటే, కొనేవారు లోపలా బయటా నిలబడి, వెళుతున్న దాన్ని ఆపి పళ్లు చూసి బేరమాడతారు. సంత ముచ్చటగానే ఉంది గాని నేను ఎక్కువసేపు నిలబడింది దారిలో, బిర్కత్ అల్ మౌజ్ అనే ఊళ్లో, ఫలజ్ దగ్గర. కొండ అడుగు నుంచి భూమిలోపలి సొరంగం ద్వారా నీటిని వాలు మీదనే, ఏ మోటారూ లేకుండా, ఊరి దాకా తెచ్చే కాలువను ఫలజ్ అంటారు. అన్ని రకాలూ కలిపి ఫలజ్‌లు ఆ దేశంలో మూడు వేలకు పైగా ఇప్పటికీ పారుతున్నాయి. వాటిలో అయిదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. బిర్కత్ అల్ మౌజ్‌లోని ఖత్మీన్ ఫలజ్ అందులో ఒకటి. అక్కడ రాతి కట్టు మీద ప్రవాహం మూడు సమానమైన పాయలుగా చీలి, ఖర్జూర తోటల్లోకి వెళ్లిపోతుంది.

నన్ను ఆపింది నీటి పంపకం. ఆ కాలువలో అన్నిటికంటే ముందు తాగునీటికి చోటు, తర్వాత మసీదు, స్నానాలు, ఆ తర్వాతే తోటలు. తోటకు దక్కే నీటిని పరిమాణంతో కాక కాలంతో కొలుస్తారు: ఒక్కో వాటా సుమారు అరగంట, దాన్ని అథర్ అంటారు. పూర్వం పగలు నీడగడియారంతో, రాత్రి నక్షత్రాలతో లెక్క చూసేవారట. ఇదంతా చూసుకోవడానికి వకీల్ అనే మనిషి ఉంటాడు. కొన్ని వాటాలను వేలం వేసి, ఆ డబ్బుతో కాలువ మరమ్మతు చేయిస్తారు.

మా నాన్న దాళ్వాలో, అంటే రెండో వరి పంటకు, వంతులవారీ నీటి కోసం కాలువ నీరు వదిలే లస్కరు చుట్టూ తిరగడం చూసి పెరిగినవాడిని నేను. ధవళేశ్వరం దగ్గర 1852 నాటికి కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది. గన్నవరం అక్విడెక్టు మీదుగా వైనతేయ పాయను దాటించి మా వైపు దాకా కాలువ నీరు తెచ్చారు. అంత పెద్ద నది ఒడ్డున ఉండి కూడా శివారు భూములకు నీరందదన్న మాట మా ఊళ్లో ప్రతి దాళ్వాలోనూ వినబడుతుంది. మోకాలి లోతు కూడా లేని ఫలజ్‌లో చివరి తోటవాడికి తన అరగంట తనకు దక్కుతుంది. వాళ్ల నీరు కొద్దిపాటిది, వాటాదారులు లెక్కకు వచ్చేంతమంది, మన ఆయకట్టు లక్షల ఎకరాలు, కాబట్టి రెండింటినీ ఒకే త్రాసులో తూచడం న్యాయం కాదని నాకు తెలుసు. అయినా కాలువ బాగుకు ఖర్చు ఆ కాలువ నీటి నుంచే రావడం, దాని లెక్క ఊరందరికీ తెలిసి ఉండడం మన దగ్గర కూడా కుదరని పనేమీ కాదు.

సలాలాకు ఒక ఈద్ సెలవుల్లో వెళ్లాము. వెయ్యి కిలోమీటర్ల బస్సు ప్రయాణం, దారి పొడవునా ఎడారి. మనకు సార్వా వానలు తెచ్చే నైరుతి గాలే జూన్ చివర నుంచి అక్కడి కొండలకు తగిలి, మూడు నెలలపాటు సన్నని తుంపరగా దిగుతుంది. రోడ్డు పక్కన కొబ్బరి బోండాలు, అరటి గెలలు, బొప్పాయిలు పెట్టుకున్న దుకాణాలు చూసి మా అన్నయ్య బస్సు ఆపించమన్నంత పనిచేశాడు. బోండాం తాగి ఇది మన రకం కాదన్నాడు గాని రెండోది కూడా కొట్టించుకున్నాడు.

పండుగలు తిథి ప్రకారం చేసుకోవడం మా చేతిలో ఉండదు. ఈద్ సెలవులు నెలవంక కనబడడాన్ని బట్టి కాబట్టి, చంద్రుడి కోసం ఆత్రంగా చూసేవారిలో మేమూ ఉంటాము. సంక్రాంతికి సెలవు ఉండదు. ఇప్పటి సుల్తాన్ హైథమ్ 2020లో గద్దెనెక్కిన జనవరి 11కు సెలవు ఉంటుంది. మా సంక్రాంతి ఆ సెలవుకో, దగ్గరి శుక్రవారానికో జరుగుతుంది. అరిసెలు వండగలిగినవాడు ఎవరూ లేరు కనుక సున్నుండలతో సరిపెట్టుకుంటాము. కనుమ నాడు మా కోనసీమలోని జగ్గన్నతోటకు పదకొండు రుద్రుల ప్రభలు (భుజాల మీద మోసే ఎత్తైన అలంకారపు వాహనాలు) చేరడం, గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలువను దాటడం ప్లాంటు రూములో ఫోను పెట్టుకుని చూస్తాము. 2023లో గణతంత్ర దినోత్సవ కవాతులో మన రాష్ట్ర శకటంగా ప్రభల తీర్థం ఢిల్లీ వీధుల్లో వెళ్లినప్పుడు, దాని గురించి కేరళ వంటవాడికి చెప్పలేక చెప్పలేక ఒక సాయంత్రమంతా చెప్పాము.

సంక్రాంతికి టికెట్టు ధర అందుబాటులో ఉండదు. అందుకే సెలవును అంతర్వేది తీర్థానికి పెట్టుకుంటాను. మాఘ శుద్ధ దశమి రాత్రి లక్ష్మీనరసింహుడి కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశికి రథం. పాత రథం 2020 సెప్టెంబరులో కాలిపోయింది, మరుసటి ఫిబ్రవరికి కొత్తది వచ్చింది. ఈసారి కూడా మస్కట్ నుంచి హైదరాబాదుకు విమానం, అక్కడి నుంచి నర్సాపురం ఎక్స్‌ప్రెస్, రేవులో పంటు మీద వశిష్ఠ దాటి ఇంటికి చేరాను. తీర్థం అయిపోయింది, ఇది ఇంటి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను.

మళ్లీ సామాను సర్దే పని మొదలైంది. విమానంలో 30 కిలోలకు మించి ఒప్పుకోరు. ఆవకాయ చేతి సంచిలో పట్టుకెళ్లనివ్వరు కాబట్టి పెద్ద పెట్టెలోనే పెట్టాలి. దానికి డబ్బా మీద డబ్బా, కవరు మీద కవరు చుట్టి అమ్మ ఇప్పటికే రెండు కిలోల బరువు ప్యాకింగులోనే ఖర్చు పెట్టింది. ఆత్రేయపురం పూతరేకులు కేరళ వంటవాడికి, ఎండు రొయ్యలు అన్నయ్యకు, గోంగూర విత్తనాలు నాకు. ఎండు రొయ్యల వాసన పూతరేకులకు పడుతుందని అమ్మ, వేరే పెట్టె కొనడం దండగని నాన్న వాదించుకుంటున్నారు. రేపు పంటు ఎక్కేలోగా తేలాలి.