రోడ్డు అలవాట్లు పక్కన పెడితేనే ఎల్ఎల్ఆర్: నా అనుభవం

ఎల్ఎల్ఆర్ (బండి నేర్చుకోవడానికి ముందు ఇచ్చే లెర్నర్ లైసెన్సు) పరీక్షలో నాకొచ్చినవి 20 ప్రశ్నలు, పాస్ కావడానికి 12 చాలు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు పెట్టిన 60 శాతం లెక్క అదే. ఇంత తేలిక పరీక్షలో కూడా, నేను చూసినంతలో, కొత్తగా బండి పట్టినవాళ్లకంటే ఏళ్ల తరబడి లైసెన్సు లేకుండా తిరుగుతున్నవాళ్లే ఎక్కువగా బోల్తా పడుతున్నారు. ప్రశ్నేమో రూలు అడుగుతుంది, వీళ్లేమో రోజూ రోడ్డు మీద చూసేది చెబుతారు.

అసలు తప్పు పరీక్ష కంటే ముందే, స్లాట్ బుక్ చేసేటప్పుడే మొదలవుతుంది. గేర్ లేని మోటార్ సైకిల్, గేర్ ఉన్న మోటార్ సైకిల్ రెండూ వేర్వేరు తరగతులు. స్కూటీ మీద నేర్చుకుంటున్నాం కదా అని మొదటిది టిక్ పెడితే, రేపు స్ప్లెండర్ ఎక్కాలంటే కథ మళ్లీ మొదటికొస్తుంది. 18 నిండినవాళ్లు గేర్ ఉన్నదే పెట్టుకోవడం మేలు. కేంద్రం ఫీజు తరగతికి 150 రూపాయలు, పరీక్షకు 50, ఆపైన రాష్ట్రం సర్వీసు చార్జీలు. 16 ఏళ్లకే ఇస్తారన్న మాట నిజమే గానీ, అది 50 సీసీ దాటని గేర్ లేని బండికి, అదీ తల్లిదండ్రుల సమ్మతితో. యాక్టివా ఆ లెక్కలోకి రాదు, దాని ఇంజనే 100 సీసీ పైమాట.

కాగితాల్లో పేచీ పెట్టేది ఇంటిపేరు. ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, టెన్త్ మెమోలో పొడి అక్షరం ఉంటుంది. స్లాట్ తీసుకునే ముందే రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఆధార్‌కు కలిపిన ఫోన్ నంబరు పనిచేస్తోందో లేదో కూడా చూడండి, ఓటీపీ దానికే వస్తుంది. 40 దాటితే డాక్టరు సంతకంతో ఫారం 1ఎ, అంటే ఆరోగ్య ధ్రువపత్రం తప్పనిసరి.

ఇక చదువు. గుర్తుల బొమ్మలన్నీ బట్టీ కొడితే రెండో రోజుకే కలగాపులగం అవుతాయి. ముందు ఆకారం పట్టుకోవాలి. ఎర్ర అంచు గుండ్రం అంటే చేయకూడదు, నీలం గుండ్రం అంటే చేసి తీరాలి, ఎర్ర అంచు త్రికోణం హెచ్చరిక, నీలం పలక సమాచారం. దీనికి లొంగనివి రెండు: ఎనిమిది మూలల స్టాప్, తలకిందుల త్రికోణంలో ఉండే ‘దారి ఇవ్వండి’. ఆకారం తెలిస్తే నాలుగు ఆప్షన్లలో రెండు వాటంతటవే ఎగిరిపోతాయి.

మిగతా కష్టమంతా జంటగుర్తులతోనే. ఒక ఎర్ర గీత కొట్టేసి ఉంటే పార్కింగ్ కూడదని, రెండు గీతలు ఇంటూ మార్కులా ఉంటే అసలు ఆపనే కూడదని. త్రికోణంలో గేటు బొమ్మ ఉంటే కాపలా ఉన్న రైల్వే క్రాసింగ్, రైలింజను ఉంటే కాపలా లేనిది. చాలామంది దీన్ని తిరగేసి పెడతారు, ఇంజను కనబడగానే ‘రైల్వే గేటు’ అనేస్తారు. రెండు గీతలు దగ్గరై అలాగే సాగితే ఇరుకు రోడ్డు, నడుమ నొక్కుకుని మళ్లీ విచ్చుకుంటే ఇరుకు వంతెన. పడక బొమ్మ ఆసుపత్రి, ఒట్టి క్రాస్ ప్రథమ చికిత్స. ఈ జంటల్ని ఒక కాగితం మీద చేత్తో గీసుకున్నాను. గీస్తేనే తేడా కంటికి ఆనింది, ఫోన్‌లో యాప్ తిప్పుతుంటే ఆనలేదు.

తెలుగు ఎంచుకున్నవాళ్లకు ఇంకో చిక్కు. ప్రశ్నల్లో ఉండేది పుస్తకాల తెలుగు. ఓవర్‌టేక్ అనరు, ‘అధిగమించుట’ అంటారు. జంక్షన్ ‘కూడలి’, నడిచేవాళ్లు ‘పాదచారులు’. ఈ మాటలు అలవాటయ్యేదాకా మాక్ టెస్టులు తెలుగులోనే రాయాలి. ఇంగ్లిషులో చదివి తెలుగులో రాస్తే తడబాటే.

రూళ్ల దగ్గరే రోడ్డు అలవాటు దెబ్బ కొడుతుంది. పసుపు లైటు పడగానే మన చెయ్యి యాక్సిలరేటర్ తిప్పుతుంది, రూలేమో స్టాప్ లైను దాటకపోతే ఆగమంటుంది. ఎర్ర లైటు వెలిగి ఆరుతుంటే పూర్తిగా ఆగి, చూసుకుని వెళ్లాలి, పసుపు వెలిగి ఆరుతుంటే వేగం తగ్గించి జాగ్రత్తగా వెళ్లాలి. సిగ్నల్ లేని కూడలిలో పెద్ద బండికి కాదు, కుడివైపు నుంచి వచ్చే బండికి దారి ఇవ్వాలి. ఘాట్‌లో ఎక్కే బండిదే ముందు. ఎడమ నుంచి అధిగమించడం ఎప్పుడు సరైనదంటే, ముందున్నవాడు కుడికి తిరుగుతానని సిగ్నల్ ఇచ్చి రోడ్డు మధ్యకు వచ్చినప్పుడు. కాపలా లేని రైల్వే క్రాసింగ్ ప్రశ్నకు ‘నెమ్మదిగా దాటాలి’ అని పెట్టేవాళ్లు కోకొల్లలు. ఎడమ పక్కన బండి ఆపి, దిగి, పట్టాల దాకా నడిచి, రెండు వైపులా రైలు రావడం లేదని చూసుకున్నాకే దాటాలి. ఎవరు చేస్తారండీ అంటారా? పరీక్షలో మాత్రం అందరూ చేయాల్సిందే. ఇంకో గుర్తు: ‘హారన్ కొట్టి ముందుకు పోవాలి’ అన్న ఆప్షన్ దాదాపు ఎప్పుడూ తప్పే.

అంకెలు అడిగేవి కొన్నే. మద్యం పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. ప్రమాదం జరిగితే గాయపడినవాళ్లకు ముందు వైద్యం అందేలా చూడాలి, పోలీస్ స్టేషన్‌కు 24 గంటల్లోపు చెప్పాలి. బండి మీద వెనక ఒక్కరే. వెంట ఉండాల్సినవి లైసెన్సు, ఆర్సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్.

కంప్యూటర్ ముందు కూర్చున్నాక తొందరపడకండి. నేను రాసినచోట ఒకసారి జవాబు ఖాయం చేస్తే వెనక్కి రానివ్వలేదు. ‘కూడదు’ ‘కాదు’ లాంటి మాటలున్న ప్రశ్న రెండుసార్లు చదవాలి, తెలిసిన జవాబు తప్పుపోయేది అక్కడే. తప్పితే పరీక్ష ఫీజు మళ్లీ కట్టి ఇంకో స్లాట్ తీసుకోవాలి, అంతకుమించి కొంప మునిగేదేమీ లేదు.

చేతికొచ్చిన ఎల్ఎల్ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది, డ్రైవింగ్ టెస్టుకు 30 రోజులు ఆగాలి. ఈలోపు వెనక సీటు మీద లైసెన్సు ఉండి నేర్పేవాళ్లు తప్ప ఇంకెవరూ కూర్చోకూడదు. బొటనవేలంత ఎల్ స్టిక్కరు అంటించి సరిపెట్టుకుంటారు చాలామంది. నిబంధన ప్రకారం ఒక్కో పక్క 18 సెంటీమీటర్లున్న చదరపు తెల్ల పలక మీద ఎర్ర ఎల్ ఉండాలి, అక్షరం ఎత్తు 10 సెంటీమీటర్లకు, గీత మందం 2 సెంటీమీటర్లకు, అడుగున వెడల్పు 9 సెంటీమీటర్లకు తగ్గకూడదు. అలాంటివి రెండు కావాలి, ముందొకటి, వెనకొకటి.