రంగుల చేప కొనేముందు కింది రెక్క చూడండి

దుకాణంలో ‘మిక్స్‌డ్ కలర్స్’ అని చీటీ అంటించిన ట్యాంకులో గప్పీ, మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ నాలుగూ కలిసి తిరుగుతుంటాయి. నాలుగూ గుడ్లు పెట్టకుండా పిల్లల్ని కనే చేపలే, నాలుగూ పొయెసిలిడే కుటుంబానివే. రంగును బట్టి పేరు చెప్పబోతే మాత్రం పొరబడతాం. ఎర్ర ప్లాటీ ఉంది, ఎర్ర స్వోర్డ్‌టెయిల్ ఉంది, ఒళ్లంతా ఎర్రగా ఉండే గప్పీ కూడా ఉంది. రంగు మనుషులు ఏరి ఏరి పెంచింది. ఒంటి తీరు అలా కాదు, దాన్ని నమ్మొచ్చు.

ముందు మగా ఆడా తేల్చుకోవాలి. పొట్ట కింద, మలద్వారం వెనక ఉండే రెక్క ఆడదానికి విసనకర్రలా విచ్చుకుని ఉంటుంది. మగదానికి అదే రెక్క సన్నని పుల్లలా మారి వెనక్కి మడిచి ఉంటుంది. దాని పేరు గోనోపోడియం, ఆడచేప కడుపులోకి వీర్యం చేర్చేది అదే. నాలుగు జాతులకీ ఇదొక్కటే గుర్తు. గప్పీలో మగదాని తోక చూస్తే చాలు కదా అనిపిస్తుంది గానీ, ప్లాటీలో, పొట్టి రెక్క మోలీలో ఆడామగా రంగులు ఒకేలా ఉంటాయి. అక్కడ ఈ రెక్క తప్ప దారి లేదు.

ఇక జాతి. ప్లాటీ పొట్టిగా, పొట్ట లోతుగా, 5-6 సెంటీమీటర్లకు మించకుండా ఉంటుంది. తోక మొదట్లో మూడు నల్ల మచ్చలు మిక్కీ మౌస్ తలలా కనిపిస్తే అది మిక్కీ మౌస్ ప్లాటీ, ఒళ్లు ఎర్రగా ఉండి తోకా రెక్కలూ నల్లగా ఉంటే వ్యాగ్‌టెయిల్. స్వోర్డ్‌టెయిల్ సాగిన ఒళ్లు, కోసు మూతి, 10 సెంటీమీటర్లు దాటే చేప. తోక కింది అంచు కత్తిలా సాగేది మగదానికే. ఆడదాన్ని పెద్ద ప్లాటీ అనుకుని తెచ్చుకునేవాళ్లు చాలామంది. పైగా ఈ రెండు జాతులూ ఒకదానితో ఒకటి కలుస్తాయి, దుకాణంలో దొరికేవాటిలో ఎక్కువ సంకరాలే. కురచ కత్తి ఉన్న ‘ప్లాటీ’ కనిపిస్తే ఆశ్చర్యపోకండి. కొన్ని సంకరాల్లో నల్ల మచ్చలు అదుపు తప్పి మెలనోమా కణుతులవుతాయి. 1920ల చివర్లోనే శాస్త్రవేత్తలు దీన్ని గమనించారు, క్యాన్సర్ పరిశోధనలో ఈ చేపలు ఇప్పటికీ ఉన్నాయి. అందుకే నలుపు ఉబ్బెత్తుగా, గరుకుగా ఉన్న చేపతో పిల్లలు పెట్టించొద్దు.

మోలీని వీపు రెక్కతో పట్టుకోవాలి. పొట్టి రెక్క మోలీకి అందులో పది అటూ ఇటూగా ఈనెలుంటాయి, రెక్క వీపు మధ్యలో మొదలవుతుంది. సెయిల్‌ఫిన్ మోలీకి అది తల దాటిన కాస్త దూరానికే మొదలై తెరచాపలా లేస్తుంది. మెక్సికోలోని యుకటాన్ ప్రాంతపు వెలిఫెరా జాతికైతే 18-19 ఈనెలు. బెలూన్ మోలీ వేరే జాతి కాదు, వెన్ను వంగిన మోలీ. వంపు వల్ల లోపలి అవయవాలకు చోటు తక్కువ. చూడ్డానికి ముద్దుగా ఉంటుందని కొంటారు గానీ, నా మట్టుకు అది కొనదగ్గ చేప కాదు.

గప్పీలో కోబ్రా, టక్సెడో, మొజాయిక్, డంబో ఇయర్, మాస్కో, అల్బినో ఫుల్ రెడ్ అంటూ పేర్లకు లెక్కలేదు. వీటిలో ఏది తండ్రి వైపు నుంచి వస్తుందో తెలిస్తేనే పెంపకం చేతికి వస్తుంది. డెన్మార్క్ శాస్త్రవేత్త వింగే 1922లో చూపింది ఇదే: గప్పీలో కొన్ని మచ్చలు వై క్రోమోజోము మీద ఉండి తండ్రి నుంచి కొడుకులకే పోతాయి. కోబ్రా చారలు ఎక్కువగా ఈ కోవలోవే. అంటే కోబ్రా కావాలంటే మగదాన్ని చూసి ఎంచుకోవాలి. టక్సెడో నలుపు ఆడదానిలోనూ కనిపిస్తుంది, కాబట్టి అక్కడ ఆడదాన్నీ చూడాలి. తోక తెల్లగా, బోసిగా ఉన్న ఆడచేపను ఖరీదైన మగదానితో వేసి, పిల్లల తోకలు పలచబడ్డాయని దుకాణదారుని తిట్టి లాభం లేదు.

వింగే పేరు పెట్టుకున్న చేప కూడా ఉంది: ఎండ్లర్, పొయెసీలియా వింగై. వెనిజులాలోని కుమనా దగ్గర సరస్సులో జాన్ ఎండ్లర్ 1975లో దీన్ని చూశాడు, జాతిగా పేరు 2005లో వచ్చింది. మగది 2.5 సెంటీమీటర్లు దాటదు. గప్పీతో కలిసి మళ్లీ పిల్లలు పుట్టే సంకరాలనిస్తుంది, అందుకే మన దగ్గర ఎండ్లర్ పేరుతో అమ్మేవాటిలో అచ్చమైనవి అరుదు. ఉంచుకోవాలంటే గప్పీలున్న ట్యాంకులో వేయకండి.

మురుగు కాలువలో, చెరువులో పట్టుకొచ్చి ‘దేశవాళీ గప్పీ’ అంటూ ఇచ్చే చేప సంగతి ఒక మాట. దోమల నివారణకు మున్సిపాలిటీలు వదిలే గంబూసియా కూడా పిల్లల్ని కనేదే. ఆడది అచ్చు ఆడ గప్పీలా బూడిద రంగు. తేడా ఏమిటంటే గంబూసియా తల పైన చదునుగా ఉంటుంది, వీపు రెక్క కింది రెక్క కంటే బాగా వెనక మొదలవుతుంది, తోక మీద సన్నని చుక్కల వరసలుంటాయి. ఇది మిగతా చేపల తోకలు కొరికి పారేస్తుంది. పొడుగు తోక గప్పీల్లో వేస్తే మూడు రోజుల్లో తోకలుండవు.

ఇప్పుడు నీళ్లు. ఎక్కువ చేపలు ఇక్కడే పోతాయి. చేపలకు మంచి చేద్దామని ఖనిజాలు తీసేసిన ఆర్‌ఓ ప్యూరిఫయర్ నీళ్లు పోసేవాళ్లున్నారు. ఈ నాలుగు జాతులకూ అది ఆకలి పెట్టడంతో సమానం. ఇవి కాల్షియం, మెగ్నీషియం ఉన్న కఠిన జలాల చేపలు. మోలీ అయితే సముద్రపు నీటికి కూడా అలవాటు పడగలదు. ఆ రెండింటి కొలత జనరల్ హార్డ్‌నెస్, అంటే జీహెచ్, గప్పీకి 8 డిగ్రీల పైన, మోలీకి 10-12 పైన ఉండాలి. పీహెచ్ 7.2 నుంచి 8.2. హైదరాబాద్ బోరు నీళ్లు చాలాచోట్ల ఈ లెక్కకు సరిపోతాయి, గిన్నెల మీద తెల్లటి పొర కడుతోందంటే చేపలకు మంచి కబురే.

అపార్టుమెంట్లలో మాత్రం ఒక మెలిక ఉంది. నీటిలో కరిగిన ఉప్పులన్నిటినీ కలిపి కొలిచే టీడీఎస్ పెన్ను ముంచితే 600 చూపిస్తుంది, సరే కఠిన జలమే అనుకుంటాం. కానీ సొసైటీలో సాఫ్ట్‌నర్ ప్లాంటు ఉంటే అది కాల్షియం, మెగ్నీషియం తీసేసి వాటి స్థానంలో సోడియం పెడుతుంది. టీడీఎస్ దాదాపు అలాగే ఉంటుంది, జీహెచ్ సున్నాకు పడిపోతుంది. మోలీ ఉన్నచోటే రెక్కలు ముడుచుకుని పక్కలకు ఊగుతోందంటే ఎక్కువసార్లు కారణం ఇదే. మందులు పోసినా పోదు. డ్రాప్ టెస్ట్ కిట్ కొనండి: 5 మిల్లీలీటర్ల నీళ్లలో ఎన్ని చుక్కలకు రంగు మారితే అంత జీహెచ్. ప్లాంటుకు ముందు నేరుగా బోరు నుంచి వచ్చే కుళాయి ఎక్కడో ఒకటి ఉంటుంది, తరచూ తోటకు నీళ్లు పట్టేది అదే. అక్కడి నుంచి తెచ్చుకోవచ్చు.

వీలుకాకపోతే 100 లీటర్లకు కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ 10 గ్రాములు, ఎప్సమ్ సాల్ట్ 6 గ్రాములు విడివిడిగా కరిగించి కలిపితే జీహెచ్ దాదాపు 5 పెరుగుతుంది. అవసరమైతే రెండో విడత రెండు రోజుల తర్వాత. సాఫ్ట్‌నర్ నీటిలో బైకార్బొనేట్ అలాగే ఉంటుంది కనుక వంటసోడా అక్కర్లేదు. ప్యూరిఫయర్ నీళ్లే గతి అయితే 100 లీటర్లకు 3 గ్రాముల వంటసోడాకు కార్బొనేట్ హార్డ్‌నెస్ (బైకార్బొనేట్ కొలత) ఒక డిగ్రీ చొప్పున, 4-5 డిగ్రీల దాకా పెంచాలి. దానికన్నా బోరు నీళ్లు సగం కలుపుకోవడం తేలిక. ప్యూరిఫయర్ బయటికి వదిలే నీళ్లు వాడొచ్చా అంటే, వాడొచ్చు, నైట్రేట్ చూశాక. కాల్షియంతో పాటు అదీ అందులో చిక్కబడుతుంది.

నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. బకెట్లో 24 గంటలు మూత లేకుండా ఉంచినా, 100 లీటర్లకు 2 గ్రాముల హైపో (సోడియం థయోసల్ఫేట్) పలుకులు కరిగించి పోసినా సరిపోతుంది. అమెరికాలో ఉండేవాళ్లకు బకెట్ చిట్కా చాలాచోట్ల పనిచేయదు. అక్కడ క్లోరిన్‌లా తేలిగ్గా ఎగిరిపోని క్లోరమైన్ వాడే ఊళ్లు చాలా ఉన్నాయి, దానికి కండిషనర్ వేయాల్సిందే.

కఠిన జలానికో నష్టం కూడా ఉంది. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే అమ్మోనియాలో విషపు వాటా సుమారు పది రెట్లవుతుంది. కాబట్టి కొత్త ట్యాంకులో మొదటి రోజే చేపలు వేయడం మన నీళ్లలో మరీ ప్రమాదం. రెండడుగుల ట్యాంకు (60×30×30 సెంటీమీటర్లు, నికరంగా 45-50 లీటర్లు) పెట్టి, స్పాంజి ఫిల్టరు నడిపి, రోజూ చిటికెడు మేత వేస్తూ, అమ్మోనియాను విరిచే బ్యాక్టీరియా స్పాంజిలో పెరిగేదాకా నాలుగు నుంచి ఆరు వారాలు ఆగండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపాకే చేపలు. పాత ట్యాంకులోని స్పాంజి దొరికితే ఈ గడువు బాగా తగ్గుతుంది. ఎయిర్ పంపు రాత్రిళ్లు ఆపకూడదు. స్పాంజిని నల్లా కింద కడగొద్దు, ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండాలి.

ఆ కొలత ట్యాంకులో పది పన్నెండు గప్పీలు, లేదా ఎనిమిది ప్లాటీలు. మగదానికి రెండు మూడు ఆడవి ఉండాలి. లేకపోతే వెంటపడి వెంటపడి ఆడదాన్ని నీరసింపజేస్తాయి. సెయిల్‌ఫిన్ మోలీకి, స్వోర్డ్‌టెయిల్‌కి మూడడుగుల ట్యాంకు కావాలి. స్వోర్డ్‌టెయిల్ గెంతుతుంది, మూత తప్పనిసరి. వారానికి పాతిక శాతం నీళ్లు మార్చాలి. మేత రెండు పూటలా, రెండు నిమిషాల్లో తినేంతే. మోలీకి ఆకు మేత తప్పనిసరి, స్పైరులినా గానీ రెండు నిమిషాలు ఉడికించిన పాలకూర గానీ.

మే నెలలో నీళ్లు 32 డిగ్రీలు దాటితే ప్రాణవాయువు తగ్గుతుంది, చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. మూత తీసి వల కప్పి, నీటి మీదుగా చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఆవిరైన నీటికి బదులు ప్యూరిఫయర్ నీళ్లు పోయండి, ఇక్కడ అవి పనికొస్తాయి. బోరు నీళ్లే పోస్తూ పోతే ఉప్పులు పేరుకుంటాయి. ఐసు సీసాలు వద్దు, అది కరిగాక మళ్లీ వేడెక్కే ఊగిసలాటే చేపను దెబ్బతీస్తుంది.

దుకాణం నుంచి తెచ్చిన ఆడచేప చాలావరకు కడుపుతోనే వస్తుంది. వీర్యాన్ని నెలల తరబడి దాచుకోగలదు కనుక మగది లేకుండా కూడా ఈతల మీద ఈతలు ఈనుతుంది. మీకు కావలసిన రకం కావాలంటే నాలుగు వారాల లోపే మగవాటి నుంచి వేరు చేసిన ఆడ చేపపిల్లలు ఉండాలి. గప్పీకి ఈతకు ఈతకు మధ్య 24-30 రోజులు, మోలీకి ఇంకాస్త ఎక్కువ. పొట్ట ముందువైపు చదరంగా కనిపిస్తే ఇంక రెండు మూడు రోజులే. ప్లాస్టిక్ పెట్టెలో ముందుగా బంధిస్తే బెదిరి, ఎదగని పిల్లల్ని పడేస్తుంది. గప్పీ గ్రాస్, జావా మాస్ దట్టంగా వేసి ట్యాంకులోనే ఈననివ్వడం నయం. తల్లి తన పిల్లల్నే తింటుంది, ఆకుల్లో దూరినవి మిగులుతాయి.

పిల్లలకు గుడ్డు పచ్చసొన వేసే అలవాటు మానండి, నీళ్లు పాడయ్యేది దానివల్లే. ఆర్టీమియా అనే బుల్లి ఉప్పునీటి రొయ్యల గుడ్లు పొదిగించుకోవచ్చు: లీటరు నీటికి 25-30 గ్రాముల ఉప్పు, గ్రాము గుడ్లు, అడుగు నుంచి గాలి, పైన దీపం, 26-28 డిగ్రీలు. ఒక రోజు నుంచి ఒకటిన్నర రోజులో పొదుగుతాయి. గాలి ఆపి పది నిమిషాలు ఉంచితే పెంకులు పైకి తేలుతాయి, నారింజ రంగు పిల్లలు అడుగున చేరతాయి. ట్యూబుతో లాగి, వస్త్రంలో వడకట్టి, మంచినీళ్లతో కడిగి వేయాలి. పెంకులు కలిస్తే చేపపిల్లల పేగుల్లో అడ్డుపడతాయి.

జబ్బుల్లో జనం కలిపేసుకునేవి రెండు. ఒంటి మీద రవ్వలాంటి తెల్ల చుక్కలు వస్తే అది ఇక్ అనే చలికాలపు జబ్బు. నీళ్లను 30 డిగ్రీలకు పెంచి, లీటరుకు 2 గ్రాముల దొడ్డుప్పు రెండు రోజుల్లో మెల్లగా కలిపి, పది రోజులు ఉంచాలి. మొక్కలను ముందే తీసేయాలి. మూతి చుట్టూ దూదిలా, వీపు మీద పట్టీలా తెలుపు వస్తే అది ఫంగస్ కాదు, కాలమ్నారిస్ అనే బ్యాక్టీరియా. దానికి వేడి పెంచితే మరీ త్వరగా పాకుతుంది. చేపను వేరే తొట్టిలో ఉంచి, వేడి తగ్గించి, గాలి పెంచి, బ్యాక్టీరియా మందు వాడాలి.

మలద్వారం నుంచి ఎర్రదారాలు వేలాడుతుంటే కమల్లానస్ పురుగులు. గప్పీల్లో ఇవి చాలా మామూలు. లీటరుకు 2 మిల్లీగ్రాముల లెవమిసోల్ అనే నట్టల మందు, అంటే రెండడుగుల ట్యాంకుకు దాదాపు 100 మిల్లీగ్రాములు. దీపం ఆర్పి 24 గంటలు ఉంచి, అడుగు పీల్చి సగం నీళ్లు మార్చాలి. పురుగులు చచ్చుబడి పట్టు వదిలి కింద పడతాయి, వాటిలోంచి పిల్లలు రావచ్చు, అందుకే అడుగు పీల్చడం ముఖ్యం. రెండు మూడు వారాలకు మళ్లీ ఓసారి. ఒక్క చేపలోనే కనిపించినా మందు ట్యాంకు మొత్తానికి. కొత్త చేపను రెండు మూడు వారాలు వేరే తొట్టిలో ఉంచేది ముఖ్యంగా ఈ పురుగుల కోసమే, ఎందుకంటే దుకాణంలో ఉన్నప్పుడు అవి ఇంకా బయటికి కనిపించవు.