గొలుసు పట్టినవాడి కళ్ళతో ఫ్రెడరిక్స్‌బర్గ్

కొత్త ఊరికి పోతే ఎవరైనా ముందు గుడి చూస్తారు, చెరువు చూస్తారు. నా చూపు మాత్రం హద్దురాళ్ళ మీదికి పోతుంది. 31 ఏళ్ళు సర్వేయరుగా ఊరూరా గొలుసు లాగించిన అలవాటు అది, రిటైరైనా పోలేదు. అందుకే మొన్న మే నెలాఖరులో మా అమ్మాయి "శనివారం ఫ్రెడరిక్స్‌బర్గ్ వెళ్దాం నాన్నా, పీచ్ పళ్ళు వచ్చేశాయి, పైగా అది జర్మనీ వాళ్ళు కట్టిన ఊరు" అంటే, పళ్ళ సంగతి అలా ఉంచి, ఆ ఊరికి భూమి ఎలా వచ్చిందో చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ నిద్ర పట్టలేదు.

అమెరికాలోని టెక్సాస్ రాజధాని ఆస్టిన్ నుంచి పడమరగా దాదాపు 80 మైళ్ళు. డ్రిప్పింగ్ స్ప్రింగ్స్ దాటాక నేల మారిపోయింది. రోడ్డు కోసం గుట్టల్ని కోసినచోట తెల్లటి సున్నపురాయి పొరలు పొరలుగా కనిపించింది. మన పిడుగురాళ్ళ క్వారీల పక్కన వెళ్తున్నట్టే ఉంది. ఆ రాతి మీద బెత్తెడు మట్టి, ఆ మట్టిలో ఓక్ చెట్లు, నాగజెముడు, మన సర్కారు తుమ్మకు దాయాది అయిన మెస్కీట్. "ఇక్కడేం పండుతుంది బాబూ?" అని అల్లుణ్ణి అడిగాను. "గొర్రెలు, మేకలు, పశువులే ఎక్కువ మామయ్యా. పీచ్ తోటలు ఈ వంద, నూటపాతికేళ్ళలో వచ్చినవే" అన్నాడు. రైన్ నది పక్క పల్లెల్లో లోతైన మట్టి దున్నినవాళ్ళు మొదటిసారి ఈ నేలలో నాగలి దింపినప్పుడు ఏమనుకున్నారో!

వాళ్ళు వచ్చింది ఒక కాగితాన్ని నమ్మి.

1842లో జర్మనీలో కొందరు రాజకుటుంబీకులు, జమీందార్లు కలిసి ఒక సంఘం పెట్టారు. అడెల్స్‌ఫెరైన్ అంటారు, అంటే ప్రభువుల సంఘం. అప్పటికి టెక్సాస్ అమెరికాలో భాగం కాదు, విడి దేశం. కుటుంబం 600 గుల్డెన్లు, ఒంటరివాడు 300 కడితే ఓడ మీద తీసుకుపోతామన్నారు. కుటుంబానికి 320 ఎకరాలు, ఒంటరివాడికి 160 ఎకరాలు, పైగా ఉండటానికి దుంగల ఇల్లు ఇస్తామన్నారు. ఆ భూమి ఎక్కడిదంటే, ఫిషర్, మిల్లర్ అనే ఇద్దరికి టెక్సాస్ ప్రభుత్వం రాసిచ్చిన ముప్పై లక్షల ఎకరాల పైచిలుకు గ్రాంటు. లానో నదికీ కొలరాడో నదికీ మధ్యనున్న ఆ భూమిపై హక్కుల్ని సంఘం 1844లో కొనేసింది. కొనేముందు అక్కడికి వెళ్ళి చూసినవాడు సంఘంలో ఒక్కడూ లేడు.

ఇది చదివి నేను కాసేపు పుస్తకం మూసేశాను. మీదికెళ్ళి చూడకుండా, అనుభవంలో ఎవరున్నారో కనుక్కోకుండా రాసిన కాగితాలు నా సర్వీసులో ఎన్ని చూశానో లెక్కలేదు. పట్టా ఒకరి పేర, సాగులో ఒకరు. మన దగ్గర అలాంటి తప్పుకు రెండు కుటుంబాలు కోర్టు చుట్టూ తిరుగుతాయి. అక్కడ ఐదు వేలమందికి పైగా సముద్రం దాటి వచ్చేశారు. కాగితంలోని భూమి మీద అప్పటికే కొమాంచీలు అనే ఆదివాసులు ఉన్నారు. వాళ్ళనెవరూ అడగలేదు.

మొదట సంఘం పెద్దగా వచ్చిన కార్ల్ యువరాజు 1845 మార్చిలో న్యూ బ్రాన్‌ఫెల్స్ ఊరు పెట్టి, అప్పులు మిగిల్చి వెళ్ళిపోయాడు. ఓడలు మాత్రం ఆగలేదు. ఇండియనోలా అనే రేవులో జనం దిగుతూనే ఉన్నారు. 1845-46 చలికాలమంతా వానలు. గుడారాల్లో, ఇసుకలో తవ్విన గోతుల్లో తలదాచుకున్నారు. లోపలికి తీసుకుపోవలసిన బళ్ళను మెక్సికోతో యుద్ధం మొదలవగానే సైన్యం అద్దెకు తీసేసుకుంది. జ్వరాలు, విరేచనాలు. రేవులోనూ దారిలోనూ కలిపి వందలమంది పోయారు. ఆ రేవు కూడా ఇప్పుడు లేదు. 1875లో ఒక తుఫాను, 1886లో మరొకటి దాన్ని తుడిచిపెట్టాయి. మాది బాపట్ల వైపు. 77 తుఫాను తర్వాత దివిసీమ ఎలా ఉందో చూసినవాణ్ణి, ఆ ఒక్క వాక్యం దాటి ముందుకు చదవడానికి నాకు చాలాసేపు పట్టింది.

కార్ల్ తర్వాత వచ్చినవాడు మాయిజబాక్. జర్మనీలో ఆయన బారన్. టెక్సాస్‌లో అడుగుపెడుతూనే బిరుదు వదిలేసి జాన్ మాయిజబాక్ అని పేరు మార్చుకున్నాడు. గ్రాంటు భూమి దాకా వీళ్ళను ఒక్కసారిగా తీసుకుపోవడం కాని పని అని గ్రహించి, దారి మధ్యలో పెడెర్నాలెస్ నది దగ్గర సుమారు 10,000 ఎకరాలు అప్పుమీద కొన్నాడు. 1846 మే 8న 120 మంది 16 రోజులు బళ్ళ మీద ప్రయాణం చేసి ఇక్కడికి చేరారు. ప్రష్యా యువరాజు ఫ్రెడరిక్ పేరు ఊరికి పెట్టుకున్నారు.

మేం చేరేసరికి పదిన్నర. ఊళ్ళోకి రాగానే కంటికి ఆనింది మెయిన్ స్ట్రీట్ వెడల్పు. ఎద్దుబళ్ళు వెనక్కి తిప్పుకోవడానికి వీలుగా వదిలారని చెబుతారు. ఊరు గీసిన సర్వేయరు పేరు హెర్మన్ విల్కె. రైన్ ఒడ్డు పల్లెల పద్ధతిలో, వాగుకు సమాంతరంగా ఒక పెద్ద వీధి, దానికి అటూ ఇటూ ఇళ్ళ స్థలాలు. ఇంటికో స్థలం ఊళ్ళో, 10 ఎకరాల పొలం ఊరి బయట. నాకిది ఎంత తెలిసిన లెక్కో! గ్రామకంఠం మధ్యలో, చుట్టూ సాగుభూమి. మన పల్లె ఏదైనా అంతేగా. కొలత మాత్రం వేరు. నేను వాడింది 66 అడుగుల గొలుసు, వంద లింకులు. టెక్సాస్‌లో స్పెయిన్ వాళ్ళు వదిలిపోయిన ‘వర’ అనే కొలత నడిచేది. వర అంటే 33 అంగుళాల పైచిలుకు. ఎకరానికి 5,645 చదరపు వరలు. ఈ సంగతి చెబుతుంటే మా మనవరాలు పేవ్‌మెంటు మీద అడుగులు లెక్కబెడుతూ "తాతా, ఒక వర ఎన్ని అడుగులు?" అని పట్టుకుంది. నా అంగ ఒకటి దాదాపు ఒక ‘వర’తో సరిపోతుందని చూపించాను.

మార్కెట్‌ప్లాట్జ్ అనే తోటలో ఎనిమిది మూలల కట్టడం ఒకటుంది, ఫెరైన్స్ కిర్షె. 1847లో కట్టారు. అన్ని శాఖల క్రైస్తవులకూ అదే గుడి, వారమంతా అదే బడి, అదే సభ, ఆపద వస్తే అదే కోట. కాఫీ గింజలు విసిరే మర ఆకారంలో ఉందని ‘కాఫీ మర’ అని పిలుచుకునేవారు. అసలుది వీధి నడిమధ్యన ఉండేది. 1897లో పడగొట్టారు. ఇప్పుడున్నది 1935లో తిరిగి కట్టిన నమూనా. దానికి కొంచెం దూరంలో రెండు కంచు విగ్రహాలు, మాయిజబాక్, ఒక కొమాంచీ నాయకుడు. ఇద్దరి మధ్య శాంతి గుర్తుగా పొగతాగే చిలుము. నేను ఈ ఊరికి వచ్చింది ఆ విగ్రహాల దగ్గర నిలబడటానికే.

కొమాంచీలకు అందరికంటే సర్వేయరు మీద కోపం. వేటగాడు వస్తాడు, పోతాడు. సర్వేయరు వచ్చి వెళ్ళాక వెనక కుటుంబాలు వస్తాయి. అందుకే దిక్సూచిని ‘నేలను దొంగిలించే వస్తువు’ అనేవారట. చాలామంది సర్వేయర్లు ఆ రోజుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నారు. గ్రాంటు భూమి కొలవకపోతే జర్మన్లకు పట్టాలు రావు. కొలవడానికి పోతే తిరిగి రారు. 1847 జనవరిలో మాయిజబాక్ నలభై మందితో ఉత్తరానికి, సాన్ సాబా నది వైపు బయల్దేరాడు. కొమాంచీల శిబిరంలోకి అడుగుపెడుతూ, నమ్మి వచ్చామని చూపించడానికి తమ తుపాకుల్లోని గుళ్ళన్నీ గాల్లోకి పేల్చి ఖాళీ చేశారు. ఎర్రటి గడ్డం చూసి కొమాంచీలు ఆయన్ను ‘ఎర్ర సూర్యుడు’ అన్నారు. బఫెలో హంప్, సాంటా అనా, ఓల్డ్ ఔల్ అనే నాయకులతో మార్చిలో మాటలు కుదిరాయి. మే 9న, ఊరు పుట్టి సరిగ్గా ఏడాది దాటిన మర్నాడు, ఇదే ఊళ్ళో సంతకాలయ్యాయి. జర్మన్లు కొమాంచీల నేల మీద తిరగవచ్చు, కొమాంచీలు జర్మన్ల ఊళ్ళకు రావచ్చు, ఎవరూ ఎవరికీ హాని చెయ్యరాదు, భూమి కొలవడానికి అడ్డు చెప్పరాదు. ప్రతిగా 3,000 డాలర్ల విలువైన కానుకలు.

కొలవడానికి ముందు అడిగాడు. నాకు ఆ మనిషి మీద గౌరవం అక్కడ మొదలైంది.

నల్లమల అంచున ఒక చెంచు గూడెంలో అటవీ హక్కుల పట్టాల కోసం కొలతలు తీసినప్పటి మాట ఒకటి గుర్తొచ్చింది. మేం పోయింది వాళ్ళకు మేలు చెయ్యడానికే. అయినా ఒక ముసలాయన గొలుసు పక్కన కూర్చుని, "ఇంతవరకే మాది అని రాస్తావు. అంటే అవతలిది మాది కాదనేగా సారూ" అన్నాడు. ఆయనకు ఏం చెప్పాలో ఆ రోజు తెలియలేదు. ఫ్రెడరిక్స్‌బర్గ్ విగ్రహాల ముందు నిలబడి కూడా తెలియలేదు.

ఈ ఒప్పందం ఇరుపక్షాలూ తప్పలేదని ఊరివాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. గర్వపడవలసిందే. కానీ సంతకం పెట్టింది కొమాంచీల్లో ఒక శాఖ, పెనటెకాలు. మిగిలిన శాఖలతో ఎవరూ మాట్లాడలేదు. జర్మన్ల వెనక వచ్చినవాళ్ళు ఈ ఒప్పందాన్ని తమది అనుకోలేదు. 1875 నాటికి చివరి కొమాంచీ గుంపులు కూడా లొంగిపోయి ఓక్లహోమా రిజర్వేషన్‌కు చేరాయి. ఊళ్ళో ఏటా పండగలు చేసుకుంటున్నది ఒక పక్షమే. శాంతి చిలుము దగ్గరున్న ఆ రెండో మనిషి మనవలు ఇక్కడ లేరు.

మధ్యాహ్నం పయొనీర్ మ్యూజియం. కామ్లా కుటుంబం ఇల్లు, కొట్టు అక్కడ అలాగే ఉంచారు. చెక్క చట్రాల మధ్య రాయి నింపిన గోడలు, చల్లటి గదులు. నన్ను ఆపేసింది మాత్రం ‘సండే హౌస్’. విల్కె గీత ఎక్కడ తప్పిందో ఆ చిన్న ఇల్లు చెబుతుంది. ఈ బెత్తెడు మట్టిలో 10 ఎకరాలతో బతకడం కుదరలేదు. జనం దూరంగా పెద్ద భూములు తీసుకుని పొలాల్లోనే ఇళ్ళు కట్టుకున్నారు. ఊళ్ళో స్థలాన్ని మాత్రం అమ్ముకోలేదు. 1890ల తర్వాత అందులో చిన్న ఇళ్ళు వేసుకున్నారు. శనివారం బండి కట్టుకుని రావడం, సరుకులు కొనడం, రాత్రి ఆ ఇంట్లో పడుకుని ఆదివారం చర్చికి పోవడం. కింద ఒకటి రెండు గదులు, పైన అటక. అటకకు మెట్లు ఇంటి బయట నుంచి. పిల్లలు పడుకునేది అక్కడే. వెబర్ల సండే హౌస్ ముందు నిలబడి మా అమ్మాయి "మన ఊళ్ళో ఇల్లు అమ్మనని నువ్వు అంటావు చూడూ నాన్నా, అలాగే" అంది. నేనేం మాట్లాడలేదు. సంక్రాంతికి నాలుగు రోజులు తాళం తీసే ఇల్లు మాది.

మ్యూజియంలో స్వచ్ఛందంగా పనిచేసే ఒక పెద్దావిడ తన నాయనమ్మ ఇంట్లో జర్మన్ మాట్లాడేదని చెప్పింది. తనకు కొన్ని మాటలే మిగిలాయట. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో, 1918లో, బళ్ళల్లో ఇంగ్లీషే ఉండాలని టెక్సాస్ చట్టం చేసింది. అప్పటికి ఇక్కడి జర్మన్ ఇక్కడి జంతువులకు సొంతంగా పేర్లు పెట్టుకుంది. స్కంకును ‘కంపు పిల్లి’ అన్నారు, ష్టింక్‌కాట్జె. మా మనవరాలు ఆ మాట దారంతా జపించింది.

ఊరి స్మశానం ‘స్టాట్ ఫ్రీడ్‌హోఫ్’ 1846లోనే మొదలైంది, ఊరంత వయసు. అక్కడ ఎక్కువసేపు ఉండలేకపోయాను. తొలి ఏళ్ళ అంటురోగాలు, 1849 కలరా. ఆకలి రోజుల్లో వీళ్ళను ఆదుకున్నది దగ్గర్లో జోడియాక్ అనే పల్లె కట్టుకున్న మోర్మన్లు అనే మతశాఖవాళ్ళు. వాళ్ళ పిండిమరే వీళ్ళకు ఆధారమైంది. కొన్నేళ్ళకు వాళ్ళు మరో చోటికి వెళ్ళిపోయారు, పల్లె మాసిపోయింది. ఈ ఊరి పేరు చెబితే జనానికి గుర్తొచ్చేది ఇక్కడ పుట్టి, రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్‌లో అమెరికా నౌకాదళాన్ని నడిపిన అడ్మిరల్ నిమిట్జ్, ఆయన తాతగారి హోటలు, పసిఫిక్ యుద్ధం మ్యూజియం. అవీ చూశాం. నాకైతే పిండి ఇచ్చినవాళ్ళ గురించి ఇంకొంచెం పెద్ద బోర్డు ఉంటే బాగుండుననిపించింది.

సాయంత్రం 17 మైళ్ళు ఉత్తరాన ఉన్న ఎన్‌చాంటెడ్ రాక్ ఎక్కాం. గులాబీరంగు గ్రానైటు గుండు, చుట్టుపక్కల నేల కంటే 425 అడుగుల ఎత్తు. ఎండకు రాయి ఇంకా వేడిగా ఉంది. అమ్మాయి చెయ్యి పట్టుకుని మెల్లగా పైకి చేరాను. అక్కడినుంచి ఉత్తరానికి చూస్తే లానో నది వైపు నేల. ఆ 600 గుల్డెన్లకు రాసిచ్చిన భూమి అదే. ఒప్పందం తర్వాత ఆ నది ఒడ్డున ఐదు పల్లెలు పెట్టారు. నిలిచింది కాస్టెల్ ఒక్కటే. సంఘం అప్పటికే దివాలా తీసింది. కాగితంలోని 320 ఎకరాలు చాలామంది కంటితో చూడనే లేదు.

"ఎవరి పొలాలు తాతా అవన్నీ?" అని అడిగింది మనవరాలు. పైనుంచి ఒక్క కంచె కూడా కనబడటం లేదు. సీసాలో మిగిలిన నీళ్ళు దానికి తాగించి, రాయి చల్లారేదాకా ఆ వైపే చూస్తూ కూర్చున్నాం.