కాలమిస్టు గారి బీమా, నా సీవో 50

డాలస్‌లో ఆసుపత్రి బిల్లింగులో పనిచేస్తానంటే గుంటూరులో చాలామంది క్యాష్ కౌంటర్ ఉద్యోగం అనుకుంటారు. కాదు. బీమా కంపెనీ డబ్బివ్వనని తిప్పికొట్టిన బిల్లులు నా దగ్గరికొస్తాయి. ఒక్కోదాని మీదా ఒక కోడ్. సీవో 197 అంటే ముందస్తు అనుమతి లేదని. సీవో 29 అంటే గడువు దాటిందని. సీవో 50 అంటే ఈ వైద్యం అవసరమే లేదని. రోగిని చేత్తో పట్టి చూసిన డాక్టరు కావాలంటాడు, మొహం కూడా చూడని కంపెనీ అక్కర్లేదంటుంది. మధ్యలో ఫోను చెవికి పెట్టుకుని ఆ వెయిటింగ్ మ్యూజిక్ వింటూ కూర్చునేది నేను.

అందుకే ఈసారి సెలవుల్లో, బ్రాడీపేటలో బాబాయి పేపరు మడిచి నా ఒళ్లో పడేసి, "చదవరా, మీ అమెరికా పద్ధతే ఇక్కడికీ వస్తోంది" అంటే పెసరట్టు సగంలోనే ఆగిపోయింది.

సంగతి తెలిసిందే. ఆంధ్రప్రదేశ్‌లో ఉచిత వైద్యం బిల్లు రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీ కడుతుంది, ఆపైన 25 లక్షల దాకా ప్రభుత్వపు ఎన్టీఆర్ వైద్యసేవ ట్రస్టు. 2025 సెప్టెంబరులో క్యాబినెట్ సరేనన్న హైబ్రిడ్ విధానం. ఆ పేపర్లో కాలమిస్టు గారు దాన్ని, అమెరికా పద్ధతినీ ఆకాశానికెత్తేశారు. కంపెనీ వస్తే ఆసుపత్రుల దొంగ బిల్లులు ఆగుతాయట, ఇదంతా కొత్త ఆలోచనట. వ్యాసంలో సగం పాత ప్రభుత్వాన్ని తిట్టడానికే సరిపోయింది.

కొత్తేముంది? 2007లో రాజశేఖరరెడ్డి హయాంలో ఆరోగ్యశ్రీ, అంటే ఇప్పటి ఎన్టీఆర్ వైద్యసేవ, మొదలైందే బీమా కంపెనీతో. ట్రస్టే నేరుగా కట్టడం తర్వాత వచ్చింది. ఆ ముక్క ఆయన రాయలేదు.

దొంగ బిల్లుల మాటకొస్తే ఆయనతో నాకు పేచీ లేదు. కార్డు తీసుకుని కూడా "పైన కొంత అవుతుందండీ" అనే ఆసుపత్రులు ఉన్నాయి. బకాయిలు రాలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేయడం ఆ ప్రభుత్వంలోనూ చూశాం, ఈ ప్రభుత్వంలోనూ చూశాం. ఈ మాట అనగానే ఫ్యాను పార్టీ మావయ్య కాఫీ గ్లాసు టక్కున కింద పెట్టాడు.

అయినా ట్రస్టు ఆలస్యం చేస్తే ఆసుపత్రిలో ట్రస్టు తరఫున కూర్చునే ఆరోగ్యమిత్రని నిలదీస్తాం. ఎమ్మెల్యే ఇంటి ముందు కూర్చుంటాం. ఓటుందిగా! కంపెనీ కాదంటే ఎవరి ఇంటికి పోతాం? తెనాలి నుంచి బస్సులో వచ్చిన కౌలురైతు అప్పీలు ఎలా రాస్తాడు? డాలస్‌లో ఆ పనికి జీతమిచ్చి నన్ను పెట్టారు. ఇంగ్లిషొచ్చి, కోడ్‌లన్నీ నోటికొచ్చిన నేనే కొన్ని కేసుల్లో చేతులెత్తేస్తాను.

అమెరికాని ఆదర్శంగా చూపించడం మరీ విడ్డూరం. ఒబామా 2010లో ఆరోగ్య బీమా చట్టం చేశాక కూడా అక్కడ రెండున్నర కోట్ల మందికి పైగా బీమా లేదు. పేదలకి ప్రభుత్వమిచ్చే బీమా మెడికెయిడ్‌. మా టెక్సాస్ దాన్ని విస్తరించలేదు. పిల్లల్లేని పేదవాడికి, వయసు అరవై ఐదు లోపుంటే, వైకల్యం లేకపోతే మెడికెయిడ్ రాదు. బీమా సబ్సిడీ చూద్దామంటే, దానికి పేదరిక రేఖకి పైన సంపాదించాలి. మరీ పేదవాడు కాబట్టి రెండూ లేవు! ఎమర్జెన్సీకొస్తే చూడకుండా పంపకూడదని 1986 నుంచి చట్టముంది. చూస్తారు. తర్వాత బిల్లు ఇంటికొస్తుంది.

"ఇంత మాట్లాడేవాడివి పేపరుకే రాయొచ్చుగా" అన్నాడు బాబాయి. రాశాను. కంపెనీ కాదంటే కారణం తెలుగులో కాగితం మీద ఇవ్వాలని, అప్పీలు వినేది కంపెనీ జీతం తినని డాక్టరై ఉండాలని. అచ్చు కాలేదు. నేను ఫ్యాను పార్టీలో చేరానని మాత్రం బాబాయి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. మావయ్య దానికి దండం బొమ్మలు కొట్టాడు.