మా ఆయన రైళ్లు, నా కొండ

జపాన్‌లోని నగోయాలో హీదా అనే రైలెక్కి కూర్చోగానే నాకు ఏదో తేడాగా అనిపించింది. సీట్లన్నీ రైలు పోయే దిక్కుకు వీపు పెట్టి ఉన్నాయి. చుట్టూ ఎవరూ వాటిని తిప్పుకోవడం లేదు.

"ఏమండీ, ఈ సీట్లేంటి ఇట్లా ఉన్నాయి?" అని అడిగాను.

మా ఆయన కిటికీ అద్దం చుట్టూ ఉన్న రబ్బరును వేలితో నొక్కి చూస్తున్నారు. "గిఫు రానీ, తెలుస్తుంది" అన్నారు.

ఇరవై నిమిషాల్లో గిఫు వచ్చింది. రైలు ఆగి, వచ్చిన దిక్కుకే మళ్లీ బయల్దేరింది. ఇప్పుడు అందరం ముందుకు చూస్తున్నాం. గిఫు నుంచి మేం పోవాల్సిన తకయామాకు ఇంకా రెండు గంటల దారి ఉంది కాబట్టి, ఆ రెండు గంటలకు తగ్గట్టు సీట్లు ముందే తిప్పి ఉంచుతారట. ఆ సంగతి ఇంటి దగ్గరే చదువుకుని వచ్చారు ఆయన.

మాది తిరుపతి. ఆయన ముప్పై రెండేళ్లు ఇక్కడి రైల్వే క్యారేజీ రిపేర్ షాపులో పనిచేసి రిటైరయ్యారు. పొద్దున టిఫిన్ బాక్స్ ఇస్తే సాయంత్రం గ్రీజు మరకల చొక్కాతో వచ్చేవారు. ఆ మరకలు ఎట్లా పోగొట్టాలో నాకు బాగా తెలుసు. అవి ఏ పని చేస్తే అంటుకుంటాయో మాత్రం ఏనాడూ అడగలేదు. పిల్లలు, అత్తయ్య మందులు, పెళ్లిళ్లు... అట్లా గడిచిపోయింది. పెళ్లయిన ఇన్నేళ్లలో మేమిద్దరమే ఒక ఊరికి పోయింది లేదు. అందుకే బెంగళూరులో ఉన్న మా అమ్మాయి "ఈసారి మీరిద్దరే పోండి" అని పట్టుబట్టింది. ఎక్కడికి అంటే ఆయన జపాన్ బుల్లెట్ రైలు షింకాన్సెన్ ఎక్కాలన్నారు. నాకు అమ్మాయి ఫోన్‌లో అక్కడిదే కోయాసాన్ అనే కొండ వీడియో చూపించింది. ఒక పవిత్రమైన కొండ, దాని మీద గుళ్లు, ఊరు. కొండ కింద పుట్టి పెరిగిన మనిషిని కదా, అక్కడికి పోవాలని నాకూ గట్టిగా అనిపించింది. కార్తీక మాసంలో, పదిహేను రోజులకు బయల్దేరాం. మద్రాసులో విమానం, సింగపూర్‌లో మారి టోక్యో దగ్గరి నరిటా.

టోక్యో గురించి రాయడానికి నా దగ్గర ఎక్కువ లేదు. నాలుగు రోజులున్నాం, కాళ్లు నొప్పులు పుట్టాయి. అసాకుసాలో సెన్సోజీ గుడి ముందు పెద్ద గుండిగ లాంటి దాంట్లో అగరుబత్తీలు గుచ్చి, ఆ పొగను రెండు చేతులతో తల మీదికి, మోకాళ్ల మీదికి లాక్కుంటున్నారు. హారతి కళ్లకద్దుకున్నట్టే. నేనూ మోకాళ్లకు లాక్కున్నాను.

తిండి గురించి చాలామంది అడుగుతున్నారు కాబట్టి చెప్తాను. మేము శాకాహారులం. అక్కడ చారులో, సాస్‌లో, కూరగాయల ఉడుకులో కూడా ఎండబెట్టిన చేప తీసిన రసం ఉంటుంది, పైకి కనపడదు. ఒకచోట శాకాహారమే అని చెప్పి తెచ్చిచ్చిన సూప్ నోట్లో పెట్టాక తెలిసింది. ఆ రాత్రంతా మనసు బాగాలేదు. తర్వాత ఒక పద్ధతి పెట్టుకున్నాం. కన్వీనియన్స్ స్టోర్లలో ఉత్త అన్నం ప్యాకెట్లు అమ్ముతారు, వాళ్లే వేడి చేసి ఇస్తారు. దాంట్లోకి నేను తీసుకుపోయిన పప్పుల పొడి, నిమ్మకాయ ఊరగాయ. బియ్యం పొట్టిగా, కొంచెం బంకగా ఉంటుంది, పొడి కలిపితే ముద్ద చక్కగా వస్తుంది. ఉమెబోషి అని ఉప్పులో ఊరేసిన పుల్లటి పండు పెట్టిన అన్నం ఉండలూ ఉంటాయి. అవి నాకు చాలా నచ్చాయి.

షింకాన్సెన్ ఎక్కిన రోజు ఆయన ముఖం చూడాలి. అది మొదలైంది 1964 అక్టోబరు 1న. ఆయన చదువుకునే రోజుల నుంచి దాని గురించి వింటూనే ఉన్నారట. టోక్యో స్టేషన్లో రైలు రాకముందే రెండు అరచేతులు ఎదురెదురుగా పెట్టి నాకు చూపించారు. జపాన్ పాత రైలు పట్టాల మధ్య దూరం 1,067 మిల్లీమీటర్లు. ఆ ఇరుకు పట్టాల మీద అంత వేగం కుదరదని షింకాన్సెన్‌కు 1,435తో కొత్త దారే వేశారు. మనది 1,676. "మన పాకాల లైను మీటర్ గేజ్‌గా ఉన్నప్పుడు వెయ్యి. ఇక్కడి పాత లైన్లు దాని అన్నదమ్ముల్లాంటివి" అన్నారు. తకయామా పోయే రైల్లో కిటికీ పక్కనే కొండ, కింద ఏరు పారుతుంటే ఆ మాట గుర్తొచ్చింది. నేను చిన్నప్పుడు పాకాల రైల్లో కిటికీ దగ్గర కూర్చుని ఇట్లాగే చెట్లు లెక్కపెట్టేదాన్ని.

తకయామా చిన్న ఊరు. టోక్యోలో రాని నిద్ర అక్కడ వచ్చింది. పొద్దునే మియాగావా ఏటి గట్టున సంత పెడతారు. అక్కడ ఒక పెద్దావిడ ఎర్ర టర్నిప్ ఊరగాయ అమ్ముతోంది. ముక్క పుల్లకు గుచ్చి ఇచ్చింది. కారం లేదు, ఆవపిండి లేదు, ఉప్పూ పులుపూ అంతే. కరకరమంటోంది. ఆమె వేళ్ల చివర్లు, గోళ్ల కింద అంతా గులాబీ రంగు పట్టి ఉంది. ఎట్లా చేస్తారని సైగలతో అడిగితే, పక్కనున్న తొట్టి చూపించి, రెండు చేతులతో బరువైనది ఎత్తి దాని మీద పెట్టినట్టు చేసింది. పైన రాయి పెట్టి అణుస్తారన్నమాట. ఆవకాయ పెట్టే రోజుల్లో మా అవ్వ చేతులు కూడా పసుపు, కారం పట్టి వారం రోజులు అట్లాగే ఉండేవి. ఆమె దగ్గర రెండు పొట్లాలు కొన్నాను.

క్యోటోలో జనం ఎక్కువ, త్వరగా వచ్చేశాం. నారాలో మాత్రం ఒక విషయం విని నిలబడిపోయాను. తోదాయ్‌జీ గుడిలోని పెద్ద బుద్ధుడికి 752లో కళ్లు తెరిపించిన ఆచార్యుడు మన దేశం వాడే. పేరు బోధిసేనుడు. 736లో సముద్రం దాటి జపాన్ చేరాడు. ఆయన కుంచెతో కళ్లు దిద్దుతుంటే, ఆ కుంచెకు కట్టిన పొడవాటి దారాలను వచ్చినవాళ్లు పట్టుకున్నారట. ప్రతిష్ఠలో నేత్రోన్మీలనం మనకు తెలిసిందే. అయితే అంతమంది చేతులు ఒకేసారి ఆ కళ్లు దిద్దడం, అది తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరించింది.

ఇక కోయాసాన్. ఒసాకాలో నంబా స్టేషన్ నుంచి పోవాలి. దారిలో కుదోయామా అని చిన్న స్టేషన్ వస్తుంది. ఆ పేరుకు తొమ్మిదిసార్ల కొండ అని అర్థం. 816లో ఈ కొండ మీద మఠం పెట్టడానికి అనుమతి పొందిన కూకాయ్ అనే గురువును చూడాలని తల్లి వచ్చిందట. ఆడవాళ్లు కొండ ఎక్కకూడదు. ఆమె కిందే ఉండిపోయింది. కొడుకే నెలకు తొమ్మిదిసార్లు దిగివచ్చి చూసిపోయేవాడని చెప్పుకుంటారు. కొండ మీద కొడుకు, కింద తల్లి. నాకు మన పేరూరు బండ మీది వకుళమాత గుడి కళ్ల ముందు మెదిలింది. స్వామి రోజూ రాత్రి కొండ దిగి తిరుచానూరు వస్తాడని, అందుకే పాదరక్షలు అరిగిపోతాయని మా అవ్వ చెప్పేది.

కుదోయామా దాటాక రైలు ఎక్కడం మొదలుపెట్టింది. అన్నీ ఒంపులే. ఒంపు వచ్చినప్పుడల్లా కింద కీచుమంటూ చప్పుడు. నేను చెవులు మూసుకోబోతే ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు. ఆవిరి పట్టిన కిటికీ అద్దం మీద వేలితో చక్రం బొమ్మ గీశారు. రైలు చక్రం లోపలి వైపు కాస్త లావుగా, బయటి వైపు కాస్త సన్నంగా ఉంటుందట. ఒంపులో పెట్టె పక్కకు జరిగితే ఒక చక్రం లావు భాగం మీద, రెండోది సన్న భాగం మీద దొర్లుతాయి. అందుకే పెట్టె దానంతట అదే తిరుగుతుంది. ఒంపు మరీ ఎక్కువైతే చక్రం అంచు పట్టాకు రాసుకుంటుంది, ఆ కీచు అదే. "ఆ అంచు అరిగిపోతే లేత్ మీద పెట్టి మళ్లీ ఆకారానికి తెస్తాం. నేను ఎక్కువ చేసింది ఆ పనే" అన్నారు. బొమ్మ కిందికి జారి చెరిగిపోతుంటే నేనే మళ్లీ గీయమన్నాను.

రైలు ఆగే చోటి పేరు గొకురకుబాషి, అంటే స్వర్గానికి వంతెన. అక్కడి నుంచి కేబుల్ కారు, ఆ తర్వాత బస్సు. ఊరి మొదట్లో న్యోనిందో, అంటే ఆడవాళ్ల మందిరం, దగ్గర దిగాం. పూర్వం కొండకు ఏడు దారులు ఉండేవి, ఒక్కో దారి దగ్గర ఆడవాళ్లు ఆగిపోవడానికి ఒక్కో మందిరం. మిగిలింది ఇదొక్కటే. ఇక్కడిదాకా వచ్చిన ఆడవాళ్లు లోపలికి పోలేక, కొండ అంచు వెంట చుట్టూ నడిచి, దూరం నుంచే దండం పెట్టుకునేవారట. 1872లో ప్రభుత్వం నిషేధం ఎత్తేసినా పూర్తిగా పోవడానికి ఇంకా ఏళ్లు పట్టింది. లోపల చీకటిగా, చల్లగా ఉంది. మా అవ్వ శ్రీవారి మెట్టు ఎక్కి ఎన్నిసార్లు దర్శనం చేసుకుందో లెక్కలేదు. ఇన్ని రోజులు నడిచి వచ్చి ఇక్కడే ఆగిపోయిన ఆ తల్లుల కోసం ఒక కొవ్వొత్తి వెలిగించాను. ఆయన గడప బయటే నిలబడ్డారు, నేను పిలిచేదాకా లోపలికి రాలేదు.

రాత్రి మఠంలోనే బస. పీటల్లాంటి పళ్లేల్లో భోజనం తెచ్చారు. ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు, చేప రసం అసలే లేదు. నువ్వులతో చేసిన మెత్తటి తోఫు నోట్లో కరిగిపోయింది. అన్ని రోజుల తర్వాత అనుమానం లేకుండా కడుపునిండా తిన్నాం. తెల్లవారి ఆరు గంటలకు పూజ, తర్వాత అగ్నిలో పుల్లలు వేస్తూ గోమ. మన హోమమే ఆ పేరుతో అక్కడికి చేరింది. కూకాయ్ సమాధి ఉన్న ఓకునోయిన్‌కు పోయే దారిలో దేవదారు లాంటి పెద్ద చెట్ల కింద రెండు లక్షలకు పైగా సమాధులు. రాళ్ల మీద మన పంచభూతాలకు ఐదు బీజాక్షరాలు. చివర కూకాయ్ ఇంకా ధ్యానంలోనే ఉన్నారని ఇప్పటికీ రోజుకు రెండుసార్లు నైవేద్యం తీసుకుపోతారు. ఆ చలిలో చాలాసేపు అక్కడే ఉన్నాం.

తిరుగు ప్రయాణంలో మద్రాసు సెంట్రల్‌లో తిరుపతి రైలెక్కబోతూ ఆయన సామాను అందుకుంటున్నారు. నేను రైలు పెట్టె చివరికి నడిచాను. ఓవర్‌హాల్ తేదీ, చేసిన షాపు పేరు అక్కడ రాసి ఉంటాయని కోయాసాన్ నుంచి దిగేటప్పుడు చెప్పారు. కళ్లజోడు పెట్టుకుని చదివాను.

"ఏమండీ, ఇట్లా రండి. ఇది మీ షాపుదే."