మాంగ్‌కాక్‌లో వీధి ఊడ్చడం

హాంగ్‌కాంగ్‌లో శుక్రవారం సాయంత్రం ఆఫీసులో ఎవరైనా "సో గాయ్‌కి వస్తావా" అంటే మాటకి అర్థం వీధి ఊడ్వడమే గానీ చీపురు అక్కర్లేదు, ఖాళీ కడుపు చాలు, వీధి ఈ చివర మొదలెట్టి ఆ చివరిదాకా కనబడిందల్లా తింటూ పోవడమే. మా టీమ్‌లో దీనికి లీడర్ అకౌంట్స్ అమ్మాయి. ఏ కొట్టు దగ్గరా కడుపు నింపుకోకూడదు అనేది ఆవిడ రూలు, తిండి గుచ్చిన పుల్ల ఒకటి కొని నలుగురం పంచుకుని కదలాలి.

ఫస్ట్ మాంగ్‌కాక్ అనే పేటలోని డండాస్ స్ట్రీట్‌లో యూ డాన్, కర్రీలో ఉడికిన చేప ఉండలు పుల్లకి గుచ్చిస్తారు. కర్రీ అనగానే మనవాళ్ళు ఆశపడతారు, కాస్త తియ్యగా ఉంటుంది, "లాట్" అంటే కారం నూనె పోస్తారు, గుంటూరు నాలుకకి అది కూడా... సరే లెండి. పక్కనే సియు మాయ్, అంటే ఆవిరి మీద ఉడికించిన చిన్న పొట్లాల్లాంటివి, డిమ్‌సమ్ (చిన్న చిన్న చైనీస్ టిఫిన్లు) హోటల్లో అయితే లోపల పంది మాంసం, రొయ్య, వీధిలో ఎక్కువగా చేప ముద్ద. వంకాయ ముక్కలు వేగుతుంటే మన బజ్జీల బండే అనుకుని వెజిటేరియన్లు ఎగబడతారు, ఆగండి, దానికీ చేప ముద్దే పట్టించి ఉంటుంది! వాళ్ళకి బుట్ జాయ్ గో బెస్టు, బియ్యప్పిండి, ఎర్ర బీన్స్‌తో చిన్న గిన్నెలో ఆవిరి మీద ఉడికించింది. కొట్టువాళ్ళు మగవాళ్ళందర్నీ "లెంగ్ జాయ్", అంటే అందగాడా అని పిలుస్తారు, మా బట్టతల మేనేజర్ అయితే ఆ పిలుపు కోసమే వస్తాడని నా అనుమానం.

ఇప్పుడు ఎక్కువగా చిన్న కొట్లే, తోపుడు బళ్ళకి కొత్త లైసెన్సులు 1970ల్లోనే ఆపేశారు. లైసెన్సు లేనివాళ్ళు తనిఖీవాళ్ళు కనబడితే "జౌ గ్వై", అంటే వాళ్ళొస్తున్నారు పారిపోండి అని అరుచుకుని బండి తోసుకుంటూ పరిగెత్తేవాళ్ళు. 2016 చైనీస్ న్యూ ఇయర్ రాత్రి మాంగ్‌కాక్‌లో ఈ బళ్ళ దగ్గర మొదలైన గొడవ పోలీసులతో పెద్ద ఘర్షణ అయింది, దానికి చేప ఉండల విప్లవం అని పేరు కూడా పడింది.

ఇక్కడ కొలీగ్స్ ఇంటికి పిలవడం తక్కువ, నలుగురు కూర్చునే చోటుండే ఇల్లు ఎంతమందికి ఉంటుంది? అందుకే బాస్ మీద కంప్లైంట్లు, అద్దె బాధలు, పెళ్ళి సంబంధాలు అన్నీ పుల్ల చేత్తో పట్టుకుని ఫుట్‌పాత్ మీదే. ఎంటీఆర్ అనే ఇక్కడి మెట్రో రైల్లో తినడం నిషేధం కాబట్టి స్టేషన్ గేటు దాటేలోపు అన్నీ అయిపోవాలి. స్టింకీ టోఫు, అంటే పులియబెట్టిన కంపు కొట్టే సోయా పనీర్ దగ్గర మాత్రం నేను రోడ్డుకి అవతలి వైపు నిలబడతాను, వాళ్ళు తినేసి రావాలి.